‘హాలోవీన్ 2’లో ఆ చెల్లెలు ఎక్కణ్ణుంచి వచ్చింది?

(స్లాషర్ సినిమాల మీద, అంటే ఒక హంతకుడు వరసగా జనాన్ని చంపుకుంటూ పోయే సినిమాల మీద జరిగిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నోత్తరాల పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ మనం 1981లో వచ్చిన ‘హాలోవీన్ 2’ గురించి మాట్లాడుకుందాం. ఇది గొప్ప సినిమా అని ఒప్పించడానికి రాలేదు. నా లెక్కలో మంచి సినిమా కూడా సగమే. కానీ ఆ సిరీస్‌లో మొత్తం పదమూడు సినిమాలున్నాయి. 1978లో మొదలై 2022 దాకా వచ్చాయి. అందులో ఎనిమిది సినిమాలు ఈ రెండో భాగంలో కారులో కూర్చున్న ఒక నర్సు చెప్పిన నాలుగు ముక్కల మీద నడిచాయి. చివరి మూడు ఆ ముక్కల్ని చెరిపేసుకుని గానీ మొదలుకాలేకపోయాయి. మొదటి సినిమాకున్న పేరు దీనికి లేదు గానీ, సిరీస్ మెడకు పడ్డ ముడి మాత్రం ఇక్కడిదే.

మొదటి సినిమా సంగతి కాస్త గుర్తు చేసుకుందాం, అది లేకుండా ఇది అర్థం కాదు. జాన్ కార్పెంటర్ దర్శకుడు, డెబ్రా హిల్ నిర్మాత, స్క్రిప్టు ఇద్దరూ కలిసి రాశారు. బడ్జెట్ 3 లక్షల డాలర్ల పైచిలుకు. కథ ఎంతో లేదు. 1963లో ఆరేళ్ల పిల్లాడు మైకేల్ మయర్స్ తన అక్క జూడిత్‌ని కత్తితో పొడిచి చంపుతాడు. పదిహేనేళ్ల తర్వాత మానసిక ఆసుపత్రి నుంచి తప్పించుకుని సొంతూరు హాడన్‌ఫీల్డ్ వస్తాడు. పిల్లల్ని చూసుకునే పనికి వెళ్లిన అమ్మాయిల వెంట పడతాడు.

ఎందుకు వెంట పడతాడు? ఇక్కడ ఒక్క దృశ్యం జాగ్రత్తగా చూడాలి. ఆ అమ్మాయిల్లో ఒకరైన లారీ స్ట్రోడ్ వాళ్ల నాన్న ఇళ్ల అమ్మకాలు చూస్తాడు. పాడుబడ్డ మయర్స్ ఇంటి తాళంచెవి గుమ్మం దగ్గర పెట్టి రమ్మంటాడు. బడికి వెళ్తూ లారీ మెట్లెక్కి తలుపు దాకా వెళ్తుంది. కెమెరా ఇంటి లోపల, తలుపు వెనక ఉంటుంది. చీకట్లో ఎవరిదో ఊపిరి వినిపిస్తుంది. అంతే. ఆ పిల్ల ఆ పొద్దున ఆ గుమ్మం ఎక్కింది కాబట్టి వాడి కంట్లో పడింది. ఎక్కకపోతే ఇంకెవరో. మొదటి సినిమా భయమంతా ఆ ‘ఇంకెవరో’లో ఉంది. తర్వాత వాడు లారీ స్నేహితురాలు ఆనీని చంపి మంచం మీద పడుకోబెట్టి, తలవైపు అక్క సమాధి రాయి నిలబెడతాడు. అంటే అక్క హత్యనే మళ్లీ మళ్లీ ఆడుకుంటున్నాడని మనకు తోస్తుంది. ఎవరూ నోటితో చెప్పరు.

సినిమా ముగింపులో మైకేల్‌కి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ వాణ్ణి ఆరుసార్లు కాలుస్తాడు. మైకేల్ బాల్కనీ మీంచి కింద పడతాడు. లూమిస్ తొంగి చూస్తే గడ్డి మీద ఎవరూ లేరు. తర్వాత ఖాళీ గదులు, ఖాళీ వీధులు వరసగా చూపిస్తారు, వెనకాల ఊపిరి చప్పుడు. ఎక్కడికి పోయాడన్నదానికి జవాబు ‘ఎక్కడైనా ఉండొచ్చు’. కథ అక్కడితో పూర్తయింది, మిగిలిందేమీ లేదు. అలాంటి ముగింపుకి రెండో భాగం రాయమంటే రాసేవాడి పని ఏమవుతుందో ఆలోచించండి.

అమెరికాలోనే దాదాపు 4 కోట్ల 70 లక్షల డాలర్లు వసూలు చేసిన సినిమాకి సీక్వెల్ వద్దని ఎవరంటారు? కార్పెంటర్ మళ్లీ డైరెక్ట్ చేయడానికి ఇష్టపడలేదు. హిల్‌తో కలిసి స్క్రిప్టు రాశాడు, నిర్మాతగా ఉన్నాడు. దర్శకత్వం రిక్ రోజెంతాల్‌కి ఇచ్చారు, అతనికి ఇదే తొలి ఫీచర్ సినిమా. బడ్జెట్ 25 లక్షల డాలర్లు, అంటే మొదటిదానికి ఎనిమిది రెట్లు దాకా. కొన్నేళ్ల తర్వాత లారీ ఓ ఎత్తైన అపార్ట్‌మెంట్ భవనంలో ఉంటుండగా కథ మొదలుపెడదామన్న ఆలోచన ముందు వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, అదే రాత్రి, ఆ తూటాలు పేలిన క్షణం నుంచే మొదలుపెట్టారు. లారీని అంబులెన్సులో హాడన్‌ఫీల్డ్ మెమోరియల్ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మైకేల్ అక్కడికి నడిచొస్తాడు.

అదే రాత్రి అనుకోవడం తెలివైన ఎత్తు. కానీ మూడేళ్ల తర్వాత అదే రాత్రిని తీయాలంటే వచ్చే చిక్కులు చూడండి. లారీగా నటించిన జేమీ లీ కర్టిస్ ఈలోగా జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కాబట్టి సినిమా అంతా విగ్గే. మైకేల్ ముసుగుదీ అలాంటి కథే. 1978లో మొదటి సినిమా కళా దర్శకుడు టామీ లీ వాలెస్ రెండు డాలర్ల లోపు పెట్టి ‘స్టార్ ట్రెక్’ హీరో కెప్టెన్ కర్క్ ముసుగు కొన్నాడు, అంటే ఆ పాత్ర వేసిన విలియం షాట్నర్ ముఖం. కనుబొమలు, చెంపల దగ్గరి జుట్టు పీకేశాడు. కళ్ల రంధ్రాలు పెద్దవి చేశాడు. తెల్ల పెయింటు స్ప్రే చేసి, జుట్టు చిందరవందర చేశాడు. రెండో సినిమాకీ అదే ముసుగు వాడారు. ముసుగు చేసిన లాటెక్స్ రబ్బరు గాలి తగిలితే చాలు ముదురుతుంది, పసుపెక్కుతుంది, పైన కొట్టిన పెయింటు పొరలుగా లేస్తుంది. పైగా దాన్ని దాచిన డెబ్రా హిల్ ఇంట్లో సిగరెట్ పొగ కూడా పట్టింది. మొదటిసారి వేసుకున్నవాడు నిక్ కాసిల్, ఈసారి స్టంట్‌మ్యాన్ డిక్ వార్లాక్. తల ఆకారం వేరు కాబట్టి ముసుగు అతని మీద వెడల్పుగా సాగి కూర్చుంది. ముఖం అదే, మనిషి అదే, రాత్రి అదే, కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకెవరో అనిపిస్తుంది. ముసుగు గోల ఈ సిరీస్‌ని ఆ తర్వాతా వదల్లేదు. 1988 నాటి నాలుగో భాగంలో బడి సీన్లో ఒక్కసారిగా బంగారు రంగు జుట్టున్న ముసుగు కనిపిస్తుంది. 1998 నాటి ఏడో భాగం ‘హెచ్ 20’లో సినిమా మధ్యలోనే ముసుగులు మారాయి, ఒక షాట్‌లోనైతే కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో అతికించారు.

మొదటి సినిమా ముగింపుని రెండో సినిమా మొదట్లో మళ్లీ చూపిస్తారు. దాన్ని పాత రీలు యథాతథంగా అతికించి వదిలేయలేదు, కొంత మార్చారు. ఆ మార్చడంలో తూటాల లెక్క తప్పింది. చెవి పెట్టి వింటే ఏడు పేలుళ్లు వినిపిస్తాయి. ఆ వెంటనే లూమిస్ తాను ఆరుసార్లు కాల్చానని అందరికీ అరిచి చెబుతుంటాడు. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకి మంచి పాఠం: సౌండ్ ట్రాక్ కొత్తగా కలిపినప్పుడు పాత డైలాగుతో ఒకసారి సరిచూసుకోవాలి.

బాగా చేసింది కూడా చెప్పాలి. కెమెరామన్ డీన్ కండీ రెండు సినిమాలకీ ఉన్నాడు. అదే వెడల్పాటి పానావిజన్ ఫ్రేము. మొదటి సినిమాలో లారీ ఓ చీకటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఏడుస్తుంటుంది. ఆ నల్లటి గుమ్మంలోంచి తెల్లటి ముఖం మెల్లగా తేలుతుంది. కాసిల్ మొదట్నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. అతని ముసుగు మీదికి చిన్న లైటు పెట్టి, డిమ్మర్‌తో కొద్దికొద్దిగా పెంచారు. మనిషి కదల్లేదు, కట్ లేదు, వెలుగు మాత్రమే మారింది. మన కళ్లే చీకటికి అలవాటు పడ్డాయని మనం నమ్ముతాం. రెండో సినిమాలో డాక్టర్ కుర్చీలో చచ్చిపడి ఉంటే నర్సు జానెట్ చూసి వెనక్కి అడుగేస్తుంది. ఆమె వెనకున్న చీకట్లోంచి ముసుగు అలాగే తేలుతుంది. ఇక్కడ మొదటిదాని అంత ఓపిక లేదు, వెంటనే సిరంజి దిగుతుంది. అయినా అదే చేతి పని అని తెలుస్తుంది. రోజెంతాల్ మొదటి సినిమా నడకని పట్టుకోవాలనే ప్రయత్నించాడు. సినిమా మొదట్లో మైకేల్ కళ్లతో సందులు తిరుగుతూ, ఓ ముసలామె వంటింట్లోకి దూరి కత్తి ఎత్తుకెళ్లే పొడవాటి షాట్ చూడండి. కోసే చెక్క మీద రక్తపు బొట్లు మిగులుతాయి, ఆమె అరుస్తుంది, హత్య ఉండదు. నన్నడిగితే ఈ సినిమాలో అన్నిటికన్నా మంచి రెండు నిమిషాలు అవే.

ఈలోగా బజారు మారిపోయింది. 1980లో ‘ఫ్రైడే ది 13త్’ అనే ఇంకో స్లాషర్ సినిమా వచ్చి ఆడేసింది. 1981 వేసవికల్లా దాని రెండో భాగం కూడా థియేటర్లలో ఉంది. జనానికి రక్తం అలవాటైంది. రోజెంతాల్ కట్ చూశాక ఇది భయపెట్టదని కార్పెంటర్‌కి అనిపించి, తనే కొన్ని ముక్కలు తీసి కలిపాడు. రక్తం పెరిగింది. రోజెంతాల్‌కి అది నచ్చలేదు. అందుకే ఒకే సినిమాలో రెండు స్వభావాలు కనిపిస్తాయి. ఒక చోట చీకట్లో ఓపిగ్గా నిలబడే మైకేల్, ఇంకో చోట హైడ్రోథెరపీ తొట్టెలో నీళ్ల వేడి పెంచి ముఖం ఉడికించే మైకేల్. నర్సు జిల్‌ని వీపులో స్కాల్పెల్ (ఆపరేషన్ కత్తి) దించి, ఒంటి చేత్తో నేల మీంచి పైకెత్తుతాడు. ఆమె బూట్లు జారి కింద పడతాయి. ఆ బూట్ల షాట్ అందరికీ గుర్తుంటుంది, పని చేస్తుంది కూడా. కానీ మొదటి సినిమాలో వాడు చంపిన తర్వాత తల పక్కకి వంచి చూసేవాడు, అర్థం కాని బొమ్మని చూసినట్టు. ఇందులో వాడికి ఆ తీరిక లేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం స్థలంతో వచ్చింది. మొదటి సినిమాలో ఇళ్లు ఖాళీగా ఉండటానికి కారణముంది. పెద్దవాళ్లు బయటికి పోయారు, పిల్లలు పడుకున్నారు, వీధిలో అరిస్తే పొరుగువాళ్లు హాలోవీన్ పండగ అల్లరి అనుకుని లైటార్పేస్తారు. ఆసుపత్రి ఖాళీగా ఎందుకుంటుంది? ఊళ్లో ముగ్గురు పిల్లలు చచ్చిపోయారు, పోలీసులు వీధులన్నీ తిరుగుతున్నారు, బతికి బయటపడ్డ ఒక్క సాక్షి ఉన్న చోట ఒక గార్డు, నలుగురైదుగురు సిబ్బంది, చీకటి వరండాలు. పసిపిల్లల వార్డులో పిల్లలున్నారు గానీ చూడటానికి వచ్చిన తల్లీతండ్రీ కనపడరు. మందు ఇచ్చి పడుకోబెట్టడం వల్ల లారీ సినిమాలో చాలాసేపు మంచం మీదే ఉంటుంది, మాటలు కూడా తక్కువ. కథానాయిక నిద్రపోతుంటే చంపడానికి ఎవరో ఒకరు కావాలి కదా, అందుకే ఇన్ని నర్సుల పాత్రలు. వాళ్ల గురించి మనకేమీ తెలియదు. చివర్లో లారీ లేచి కుంటుకుంటూ పరుగెత్తడం మొదలుపెట్టాక సినిమాకి మళ్లీ ప్రాణం వస్తుంది. లిఫ్టు తలుపు మూసుకోవడానికి పట్టే ఆ కొన్ని క్షణాలు చూడండి. వాడు నడుస్తూనే ఉంటాడు, తొందరపడడు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం.

సినిమా మొదలై గంట దాటాక, లూమిస్‌ని ఊరు దాటించి తీసుకెళ్తున్న కారులో నర్సు మారియన్ ఒక రహస్యం చెబుతుంది. లారీ స్ట్రోడ్ మైకేల్ సొంత చెల్లెలు. మైకేల్‌ని ఆసుపత్రిలో వేయడానికి రెండేళ్ల ముందు పుట్టింది. తర్వాత తల్లిదండ్రులు పోయారు, స్ట్రోడ్ కుటుంబం పెంచుకుంది. ఆ కుటుంబం పరువు కోసం గవర్నరు కాగితాలన్నీ సీలు వేయించాడు.

ఈ అతుకు ఎన్ని చోట్ల చిరుగుతుందో లెక్కపెట్టండి. మైకేల్‌కి పదిహేనేళ్లు వైద్యం చేసిన లూమిస్‌కి ఈ సంగతి తెలియదు. తెలిస్తే మొదటి సినిమాలోనే లారీ ఇంటికి పోయి కాపలా కూర్చునేవాడు. కాబట్టి సీలు వేసిన ఫైలు కావాల్సి వచ్చింది. అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊళ్లో, నాలుగేళ్ల పిల్ల ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మారితే ఎవరూ ఏళ్ల తరబడి నోరు మెదపలేదు. ఆ పిల్లని పెంచుకున్న తండ్రే ఆమె పుట్టిన ఇంటిని అమ్ముతున్నాడు, తాళంచెవి ఆమె చేతికే ఇచ్చి పంపాడు. ఇందాక చెప్పిన గుమ్మం దృశ్యం గుర్తుందా? అక్కడ యాదృచ్ఛికమే భయం. చెల్లెలన్నాక అది మామూలు యాదృచ్ఛికం కాదు, నమ్మలేనంత పెద్ద కాకతాళీయం. వాడికి కారణం దొరికింది. మనకి భయం తగ్గింది, ఎందుకంటే మనం వాడి చెల్లెళ్లం కాదు.

మరి ఎందుకు రాశారు? కార్పెంటర్ తర్వాత ఇంటర్వ్యూల్లో దాచలేదు: రాయడానికి కథ లేక, బీరు తాగుతూ కూర్చున్న రాత్రుల్లో తేల్చుకున్నదని, తప్పేనని చెప్పాడు. స్క్రిప్టు అవసరం మాత్రం స్పష్టం. అదే రాత్రి అనుకున్నాక, మైకేల్ పారిపోకుండా లారీ కోసమే ఆసుపత్రికి రావాలి. రావడానికి కారణం కావాలి. అందరికన్నా సులువైన కారణం నెత్తురు బంధం.

ఇంకో తమాషా ఉంది. మొదటి సినిమాని ఎన్‌బీసీ టీవీలో వేయాలి. హింస కత్తిరిస్తే నిడివి తగ్గుతుంది, రెండు గంటల స్లాటు నిండదు. అందుకని రెండో సినిమా తీస్తున్న రోజుల్లోనే కార్పెంటర్ మొదటి సినిమా కోసం కొత్త సీన్లు తీశాడు. ఒకదాన్లో మైకేల్ పారిపోయిన గది తలుపు మీద ‘సిస్టర్’ అని గీకి ఉంటుంది. రెండో సినిమాలో చెప్పబోయే రహస్యాన్ని వెనక్కి వెళ్లి మొదటి సినిమాలో పాతిపెట్టారన్నమాట. మరో సీన్లో లారీ తలకి తువ్వాలు చుట్టుకుని కనిపిస్తుంది. మీరు ఊహించే ఉంటారు, ఆ పొట్టి జుట్టు దాచడానికే.

ఈ సినిమా ఇంకో విత్తనం కూడా వేసింది. బడిలో నల్లబల్ల మీద రక్తంతో ‘సామ్‌హైన్’ అని రాసి ఉంటుంది, అది హాలోవీన్‌కి మూలమైన పాత కెల్టిక్ పండగ పేరు. లూమిస్ ఆ కాలపు పూజారులైన డ్రూయిడ్ల గురించి ఓ ఉపన్యాసం ఇస్తాడు. అప్పటికి అది అలంకారమే. 1995లో ఆరో భాగానికి వచ్చేసరికి అదే పెరిగి పెద్దదై, మైకేల్ వెనక ‘థార్న్’ అనే శాపం, దాన్ని నడిపే గూఢ ముఠా అయి కూర్చున్నాయి.

నిజానికి కార్పెంటర్, హిల్ ఇక్కడితో కథ ముగించేశారు. ఆపరేషన్ గదిలో లారీ రెండు తూటాలతో వాడి కళ్లు పోగొడుతుంది. ముసుగు రంధ్రాల్లోంచి రక్తం కన్నీళ్లలా కారుతుంటే గాల్లో స్కాల్పెల్ ఊపుతూ తడుముకుంటాడు. గది నిండా గ్యాస్ వదిలి లూమిస్ లైటర్ వెలిగిస్తాడు. మంటల్లో నడిచొచ్చి కూలే మనిషి వార్లాక్ స్వయంగా. 1982లో మూడో భాగంలో మైకేల్ లేడు. ఏటా ఒక కొత్త పండగ కథ చెబుదామనుకున్నారు. జనం ఒప్పుకోలేదు. వసూళ్లు రెండో భాగం తెచ్చిన 2 కోట్ల 55 లక్షల నుంచి 1 కోటి 44 లక్షలకి పడ్డాయి.

దాంతో 1988లో మైకేల్‌ని లేపారు, లూమిస్‌నీ లేపారు. కర్టిస్ రాలేదు. అప్పుడు చూడండి ఆ చెల్లెలి డైలాగు బలం. లారీ కారు ప్రమాదంలో పోయిందని ఓ మాట అనేసి, ఆమె కూతురు జేమీని ముందుకి తెచ్చారు. చెల్లెలు లేకపోతే మేనకోడలు! నాలుగు, ఐదు, ఆరు ఆ పిల్ల మీద నడిచాయి. 1998లో కర్టిస్ తిరిగొచ్చేసరికి ఆ మూడింటినీ లేవనుకుని, ఒకటి రెండింటికే కొనసాగింపు అన్నారు. చెల్లెలి బంధం మాత్రం ఉంచుకున్నారు. 2002లో ‘రిసరెక్షన్’ మొదట్లోనే లారీని చంపేశారు, దానికి దర్శకుడు మళ్లీ రోజెంతాలే. రాబ్ జాంబీ 2007లో అంతా కొత్తగా మొదలుపెట్టినా చెల్లెల్ని వదల్లేదు. 2009లో అతని రెండో భాగం ఆసుపత్రిలోనే తెరుచుకుంటుంది, ఇరవై నిమిషాలు పరుగెత్తించి అంతా కల అని తేలుస్తుంది.

2018లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ ధైర్యం చేశాడు. మొదటి సినిమా తప్ప ఏదీ జరగలేదన్నాడు. లారీ మనవరాలి నోట, ఆ అన్నాచెల్లెళ్ల సంగతి ఎవరో పుట్టించిందని ఒక్క వాక్యంలో కొట్టిపారేయించాడు. ఆ సినిమా ప్రపంచమంతా కలిపి 25 కోట్ల డాలర్లు దాటింది. 2021లో ‘హాలోవీన్ కిల్స్’ మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లింది. ఈసారి వరండాలు జనంతో కిక్కిరిసి ఉంటాయి, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. ఖాళీ ఆసుపత్రి మీద నలభై ఏళ్లుగా పడ్డ ఎగతాళికి జవాబు ఇచ్చినట్టుంది. అందులో మారియన్ కూడా ఉంది, నటి కూడా ఆ నాన్సీ స్టీఫెన్సే. కారులో రహస్యం చెప్పిన మనిషి, ఆ రహస్యమే లేని కథలోకి వచ్చి, అక్కడా చచ్చిపోయింది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, చెల్లెలు లేకపోతే సిరీస్ ఇంతకాలం నడిచేదా?

నడిచేది కాదేమో. నేను దాన్ని తప్పంటున్నది భయం లెక్కలో. వ్యాపారం లెక్కలో అది బంగారు గుడ్డు. ‘ఫ్రైడే ది 13త్’కి ప్రతిసారీ కొత్త క్యాంపు, కొత్త కుర్రాళ్లు కావాలి. ఇక్కడ ఒక కుటుంబముంది, వారసులున్నారు. ‘హెచ్ 20’లో అన్నని చూసి పరుగెత్తీ పరుగెత్తీ, చివరికి గేటు మూసి గొడ్డలి పట్టుకుని వెనక్కి తిరిగే లారీ ఆ బంధం లేకుండా అంత గట్టిగా నిలబడదు. ఆ ఒక్క సినిమాకి మాత్రం నేనూ చెల్లెల్ని క్షమిస్తాను.

ప్రశ్న: కొత్తగా చూసేవాళ్లు ఏ వరసలో చూడాలండీ?

మూడు దారులున్నాయి. ఒకటి, రెండు, ‘హెచ్ 20’ చూసి ఆపేయండి, అది ఒక కథ. లేదా 1978 సినిమా చూసి నేరుగా 2018కి వెళ్లండి, ఆ తర్వాతివి రెండూ మీ ఓపిక. లేదా ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఆరు. ఆరోది చూస్తే 2014లో బయటికొచ్చిన ప్రొడ్యూసర్స్ కట్ చూడండి, థియేటర్ కట్‌లో చివరి భాగం తలాతోకా లేకుండా ఉంటుంది. మూడోది ఎప్పుడైనా విడిగా చూడొచ్చు, అది మంచి సినిమా.

ప్రశ్న: రెండో భాగంలో ఆ అంబులెన్సు కుర్రాడు జిమ్మీ ఏమయ్యాడు? రక్తం మీద జారి పడ్డాక, కారులో హారన్ మీద తల వాల్చేస్తాడు కదా, తర్వాత ఎవరూ అడగరు.

థియేటర్ కట్‌లో అక్కడే వదిలేశారు, మీ ఇష్టం. టీవీ కట్ వేరే ఉంది, అందులో రక్తం తక్కువ, సీన్ల వరస కూడా కొంచెం వేరు. దాని చివర్లో లారీని ఎక్కించిన అంబులెన్సులో దుప్పటి కింద ఒక మనిషి కదులుతాడు. ఆమె ఉలిక్కిపడుతుంది. లేచి కూర్చునేది జిమ్మీయే, తలకి కట్టుతో.